గుండ్రటి అక్షరాల కాయితం

నా చేతిరాత బాగుంటదని అందరు అంటరు. శుభలేఖల మీద పేర్లు రాయాలన్నా, అపార్ట్‌మెంట్ల నీళ్ల నోటీసు పెట్టాలన్నా నా దగ్గరికే వస్తరు. "మేడం, మీ అక్షరాలు ముత్యాలే" అని మెచ్చుకుంటరు. రాసిస్త గని, ఆ మెచ్చుకునే మాట వినంగనే మొఖం పక్కకు తిప్పుకుంట. సిగ్గుపడుతున్ననని వాళ్లనుకుంటరు. సిగ్గే. ఎందుకో మాత్రం ఇన్నేండ్లల్ల ఎవ్వరికీ చెప్పలే.

ఎనభైలల్ల ముచ్చట ఇది. నాకు ఇరవై రెండేండ్లు. నల్లగొండ దిక్కు మా ఊరి నుంచి అన్నావదినెల తోని వచ్చి ఎల్బీనగర్ చౌరస్తా దాటినంక ఒక కొత్త కాలనీల కిరాయికి దిగినం. కాలనీ అంటె పెద్దగ ఊహించుకోకున్రి. పోయినేడు జొన్నచేను, ఈయేడు కాలనీ, గంతే. సున్నమేసిన హద్దురాళ్లు, సగం లేచిన గోడలు, బోరింగు కాడ బిందెల లొల్లి. వానొస్తె చెప్పులు చేతుల పట్టుకొని నడుసుడు. రెండిండ్లకు ఒక గేటుకు "ఇల్లు కిరాయికి ఇయ్యబడును" అని అట్ట ఏలాడుతుండె. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు బస్సెక్కితె ప్రతి స్టేజీ కాడ ఒక కొత్త కాలనీ పుట్టుకొస్తుండె.

ఆ చేన్లు ఎవలయో ఆయనే మా కాలనీ అసోసియేషన్‌కు ప్రెసిడెంట్. అందరం పటేలు అనేటోళ్లం. భూమి ప్లాట్లయింది గని ఆయన మాత్రం ఊరి పెద్దగనే ఉండె. కుక్క కరిచినా, గోడ జరిగినా, మొగుడూ పెండ్లాలు కొట్టుకున్నా ఆదివారం పొద్దున రేకుల రూముల పంచాయితి కూసోపెట్టేటోడు. ఆయన లెక్కల అన్నిటికంటె పెద్ద శిక్ష ఒక్కటే, ఊర్ల నుంచి ఎళ్లగొట్టుడు. ఊర్ల అయితె నిజంగనే పెద్ద శిక్ష. బావి బందు, నిప్పు బందు, పిల్లకు పిల్లగాడు దొరకడు. అదే శిక్షను ఆయన కాలనీల గూడ నడిపిచ్చిండు. ఈడ ఎళ్లగొడితె ఆడ అట్ట ఏలాడుతనే ఉన్నదన్న సంగతి ఆయనకు తట్టలే. మాకు గూడ తట్టలే.

నేను అదే కాలనీల ఒక చిన్న స్కూల్ల టీచర్‌ను. నాలుగు రూముల ఇంట్ల ఐదో తరగతి దాంక నడిచే స్కూలు. ఆ రోజులల్ల టీచరంటె బెత్తం ఉండాల్సిందే. కని నేను కోపమొచ్చినట్టు కొట్టేదాన్ని కాదు, దానికో లెక్క పెట్టుకున్న. చార్టు మీద నా గుండ్రటి అక్షరాలతోని రాసి గోడకు అంటించిన. ఆలస్యమొస్తె బయట నిలబడాలె, హోంవర్కు చెయ్యకపోతె ఒక్క దెబ్బ, అబద్ధమాడితె రెండు. అన్నిటికి కింద ఎర్ర స్కెచ్ పెన్ను తోని "చిన్నపిల్లలను ఏడిపిస్తె అన్నిటికంటె పెద్ద శిక్ష" అని రాసిన. దెబ్బలెన్నో రాయలే, అది నా చేతుల ఉంచుకున్న. పిల్లలు అది నోటికి చదివేటోళ్లు. "మా టీచర్ ఎక్కువ కొట్టదు, తక్కువ కొట్టదు" అని ఇండ్లల్ల చెప్తున్నరని తెలిసి నేను ఎంత మురిసిన్నో! న్యాయం అంటె నాకే తెలుసని పొగరు.

ఆ యాడాది వానకాలంల ఒకనాడు, మధ్యాన్నం బెల్లు కొట్టినంక, ఒకటో తరగతి పిల్ల గేటు కాడ నిలబడి బత్తాయి ఒలుసుకుంటున్నది. పక్కన ఒకడు గొంతుకూసొని పిల్ల చెవి కాడ ఏందో చేస్తున్నడు. కిటికీల నుంచి చూసిన. బంగారు కమ్మలు! నేను అరిచిన అరుపుకు కాలనీ అంత ఉరికొచ్చింది. మురికి మోరీ కాడ దొరికిండు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల మూటలు మోసే హమాలి. మా జిల్లాయనే అని తర్వాత తెలిసింది. కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టిన్రు. నేను గూడ చెప్పు తీసి రెండు కొట్టిన. నన్ను ఎవ్వరూ కొట్టమనలే.

వాడు దెబ్బలు తినుకుంటనే ఒక్కటే మాట అడుగుతుండె. "అమ్మా, పిల్ల చెవికి తాకలే గద? కమ్మ మర మెల్లగనే తిప్పిన."

పోలీసులకు అప్పజెప్పినం. కేసు నడిచింది. సాక్షి నేనే. వదినె పట్టుచీర కట్టుకొని కోర్టుకు పోయిన, చూసింది చూసినట్టు గడగడ చెప్పిన. కమ్మలు దొరికినయి, పిల్లకు గీత గూడ పడలే, కని చిన్నపిల్లను ఆశపెట్టి చేసిన పని గనుక జడ్జి రెండేండ్లేసిండు. వాపసొచ్చేటప్పుడు బస్సుల పటేలు అందరు వినేటట్టు అన్నడు, "పిల్లల జోలికొస్తె మన కాలనీల గిట్లనే ఉంటది." నాకు రొమ్ము ఇంత లావైంది.

ఆ తర్వాత నెల దాటిందో లేదో, మూడో తరగతిల ఒక పిల్ల మాట్లాడుడు బందు పెట్టింది.

ఎనిమిదేండ్ల పిల్ల. వాళ్ల నాయిన లారీలకు బాడీలు కట్టే షెడ్డుల పనిచేసేటోడు. ఒక్క రూముల కిరాయికుండేటోళ్లు. లెక్కలు చెప్తుంటె నేను బోర్డు మీద రాసేలోపటనే జవాబు చెప్పే పిల్ల, ఇప్పుడు రెండుకు రెండు కలపమంటె కిందికి చూస్తున్నది. ఒకనాడు ఇంటర్వెల్ల బయటికి పోకుండ నా బల్ల కాడికి వచ్చి నిలబడ్డది.

"టీచర్, నన్ను ట్యూషన్‌కు పోవద్దని మా అమ్మకు చెప్తరా?"

"ఎందుకే? సార్ కొడుతున్నడా?"

"కొట్టడు. అందరు పోయినంక నన్ను ఉండమంటడు. గొళ్లెం పెడ్తడు."

తర్వాత ఏం జరుగుతున్నదో ఎనిమిదేండ్ల పిల్లకు తెలిసిన మాటలల్ల చెప్పింది. ఆ మాటలు ఇక్కడ పెట్టను. అవి ఆ పిల్లవి. నాకు అర్థమయింది. పిల్లను దగ్గరికి తీసుకొని "నేను చూసుకుంట బిడ్డా, నువ్వు పరేషాన్ కాకు" అన్న. నేను చూసుకుంట అన్న, గది యాదుంచుకోన్రి.

ఆ ట్యూషన్ మాస్టరంటె కాలనీల దేవుని లెక్క. మంచి తెల్లంగి, మెత్తటి మాట. అసోసియేషన్ కమిటీల ఉన్నోళ్ల కొడుకులు సగం మంది పదో తరగతి గట్టెక్కింది ఆయన చెప్పిన లెక్కల తోనే. మా తాలూకాయన. నాకు ఈ స్కూల్ల నౌకరి ఇప్పిచ్చింది గూడ ఆయనే. హమాలిని కొట్టేటప్పుడు జిల్లా గుర్తుకు రాలే గని, మాస్టరు పేరు వినంగనే తాలూకా గుర్తుకొచ్చింది.

పిల్ల తల్లికి చెప్పిన. తల్లి తండ్రికి చెప్పింది. తండ్రి పోలీస్ స్టేషన్‌కు పోతనని బయల్దేరితె నలుగురు ఆపి, "మనకు పటేలు ఉన్నడు గద" అని ఆదివారం పంచాయితి పెట్టించిన్రు.

రేకుల రూముల కుర్చీలేసిన్రు. మాస్టరుకు గూడ కుర్చీ. పిల్ల తండ్రి దర్వాజ కాడ నిలబడ్డడు, ఆయనకు కూసొమ్మని ఎవ్వలూ అనలే. తల్లి బయట గోడకు ఆనుకొని ఉన్నది. నన్ను స్టూలు మీద కూసోపెట్టి చేతుల తెల్లకాయితాలు పెట్టిన్రు. చేతిరాత మంచిగుంటది గద. చాయ్ తెచ్చిన్రు. మాస్టరు చాయ్ ముట్టకుండ తలకాయ దించుకొని, "తప్పయింది, పెద్దలు ఏదంటె అది" అన్నడు. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. ఇగ జూడున్రి, రూమంత కరిగిపోయింది. పిల్ల ఎట్లున్నదని ఒక్కమాట అడుగుతడేమో అని నేను ఎదురుచూసిన. అడగలే.

కమిటీల గుంటూరు దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన ఒకాయన ఉండె. కోర్టుల గుమస్తాగ చేసి రిటైరైండు. అందరి మాటలు అయినంక ఆయన గొంతు సవరించుకున్నడు.

"ఏమండీ, మొన్న చెవి కమ్మలకి మనమే దగ్గరుండి రెండేళ్ళు వేయించుకొచ్చాం. ఆ కమ్మలు తిరిగి దొరికాయి కూడాను. ఈ పిల్లకి పోయింది ఎవరు తెచ్చిస్తారండీ? దానికి రెండేళ్ళయితే మరి దీనికెంత?"

పటేలు నవ్విండు. "సారూ, మీకు మా పద్ధతులు తెల్వయి. వాడు దొంగ. ఈయన మాస్టరు."

"కేసైతె పిల్ల పేరు కోర్టుకెక్కుతది" అన్నడొకడు. "బతుకుదెరువు పోతది, పెండ్లాం పిల్లలు ఆగమైతరు" అన్నడు ఇంకొకడు. మూలకు కూసున్నాయన, "అసలు గసుంటి పనులు చేసేటోన్ని ఉరి తియ్యాలె, కని మన మాస్టరు గసుంటోడు గాదు గదా" అన్నడు. మీరు నవ్వుతరేమో గని ఆడ ఎవ్వలకూ నవ్వు రాలే, అందరు తలకాయలు ఊపిన్రు. ఇప్పుడు టీవీల ముంగట కూసొని ఉరి తియ్యాలె, నరికెయ్యాలె అని ఎవలన్న మొత్తుకుంటుంటె నాకు ఆ మూల కుర్చీయే కండ్ల ముంగట మెదుల్తది. శిక్షంటె ఉరి ఒక్కటే అనుకున్నోడు తనకు తెలిసినోనికి అది వెయ్యలేడు. అది వెయ్యలేక ఏమీ వెయ్యడు. తెల్వనోడు దొరికితె స్తంభానికి కడ్తడు. ఏ తప్పుకు ఎన్నేండ్లు సరిపోతయో నాకిప్పటికీ తెల్వదు. కని ఆ రూముల పెట్టిన తూకం తప్పని నాకు అప్పుడే తెలుసు.

గుమస్తా సారు నా దిక్కు తిరిగిండు. "అమ్మాయ్, ఆ పిల్ల నీతోనే కదా చెప్పింది. నువ్వు చెప్పమ్మా. ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు చెప్పు."

అందరు నన్నే చూస్తున్నరు. మాస్టరు గూడ తలెత్తి చూసిండు. కోర్టుల నల్లకోట్ల ముంగట గడగడ చెప్పిన నోరు ఇది. మా అన్న ఏమంటడో, స్కూలోళ్లు తీసేస్తరేమో, "పెండ్లీడు పిల్ల, గీ ముచ్చట్లు ఈమెకెందుకు" అంటరేమో.

"నాకేం తెలుసండి. పెద్దోళ్లున్నరు గదా" అన్న.

థూ నా బతుకు!

ఫైసలా అయింది. మాస్టరు కాలనీ ఖాళీ చేసి పోవాలె. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చినయి గనుక నెలాఖరు దాంక టైము. ఇది గాక పిల్ల తండ్రి చేతులు పట్టుకొని తప్పయిందనాలె. నన్ను రాయమన్నరు. నేను కార్బన్ పెట్టి, "పాపతో తప్పుగా ప్రవర్తించినందుకు" అని మొదలుపెట్టిన. పటేలు వంగి చూసిండు.

"అట్ల రాయకు టీచరమ్మా, పిల్ల పేరు ఖరాబైతది. రెండు కుటుంబాల నడుమ మనస్పర్థలు అని రాయి."

ఆ కాయితం చింపేసిన. కొత్తది తీసుకొని "ఇరు కుటుంబాల మధ్య వచ్చిన మనస్పర్థల కారణంగా" అని గుండ్రంగ, ఒత్తులు దీర్ఘాలు ఎక్కడియి అక్కడ పెట్టి రాసిన. కొట్టివేత ఒక్కటి గూడ లేదు. పిల్ల తండ్రి గోర్లల్ల గ్రీజుండె. కలం పట్టుకొని చాన సేపు ఆ కాయితం దిక్కే చూసిండు.

"గంతేనా పటేలా?"

"ఊర్ల నుంచి ఎళ్లగొట్టినం గదరా! ఇంకేం కావాలె?" అన్నడు పటేలు.

సంతకం చేసిండు. మాస్టరుకు ఒక కాపీ, పిల్ల తండ్రికి ఒక కాపీ ఇచ్చిన్రు.

ఆ నెలంత మాస్టరు అదే వీధిల నడిచిండు. పిల్లే ఇంట్లకెళ్లి బయటికి రాలే. పరీక్షలు అయిపోయినంక ఆయన సామాను లారీకెక్కుతుంటె కమిటీ వాళ్ల కొడుకులే పెట్టెలు మోసిన్రు, కాళ్లకు మొక్కిన్రు. నేను గేటు కాడ నిలబడి చూసిన. పీడ పోయిందనుకున్న.

పది రోజులకే పిల్ల వాళ్ల ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నడు. ఆయన గూడ కమిటీల మనిషే. "ఆడపిల్ల ఉన్నది, నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. మీ మంచికే చెప్తున్న" అన్నడట. తల్లి నా దగ్గరికొచ్చింది. "అమ్మా, మీకు అందరు తెలుసు గద, జర ఎక్కడన్న ఒక రూము చూడున్రి." చేసిన పాపం కొంతన్న పోతదేమో అని సాయంత్రాలు ఇల్లు వెతకబోయిన.

సరూర్‌నగర్ దిక్కు ఒక కొత్త కాలనీల గేటుకొక అట్ట చదువుకుంట పోతున్న. ఒక గేటుకు అట్ట లేదు, రేకు బోర్డు ఉన్నది. లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెప్పబడును అని. దాని కింద "చిన్న పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ" అని. కింద మాస్టరు పేరు. దర్వాజ ముంగట చెప్పులు విడిచి ఉన్నయి. అన్నీ చిన్నచిన్నయి. ఒక జతకు ఎర్ర పువ్వులు గూడ ఉన్నయి.

మా కాలనీ నుంచి ఆడికి రెండు స్టేజీలు. గదీ మేమేసిన శిక్ష.

ఆ ఇంటి ఓనరమ్మ వాకిట్ల బియ్యం ఏరుతున్నది. పోయి చెప్పిన. దమ్ము తీసుకోకుండ చెప్పిన, ఈసారి దాచలే. ఆమె చేట పక్కకు పెట్టి లోపలికి పోయింది. మాస్టరే వచ్చిండు. నవ్వుకుంటనే వచ్చిండు. చేతుల మడత పెట్టిన కాయితం.

"ఇదేనా టీచర్? మీరు రాసిందే గదా."

ఓనరమ్మ దాన్ని పైకి చదివింది. ఇరు కుటుంబాల మధ్య వచ్చిన మనస్పర్థల కారణంగా. ఒక్క అక్షరం తడబడకుండ చదివింది, అంత మంచిగ ఉన్నది నా రాత. చదివి నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. "మనస్పర్థలుంటె మీరు మీరు చూసుకోవాలె. మంచోళ్ల మీద గింత మాటంటరా? ఆడపిల్లవు, నీకన్న సిగ్గుండాలె" అన్నది. మెట్లు దిగుతుంటె లోపట పిల్లలు ఎక్కాలు చదువుతున్నరు.

అటే గుమస్తా సారింటికి పోయిన. అంత విన్నడు.

"స్టేషనుకి వెళ్దామంటే నేనొస్తానమ్మా. కానీ ఆ కాయితం అబద్ధమని ముందు నువ్వు చెప్పాలి. రాసిన దానివి నువ్వే కదా. పటేలు ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పగలవా?"

"రేపొస్త సార్" అన్న.

ఆ రేపు ఇంతవరకు రాలే. ఆయన మల్ల అడగలే. కనిపిస్తె తలకాయ ఊపేటోడు, అంతే. ఆ ఎర్ర పువ్వుల చెప్పుల పిల్ల ఎవలో నాకు తెల్వదు, ఆ పిల్లకు ఏమయిందో గూడ తెల్వదు. ఆడికి మల్ల పోలే. బస్సుల ఆ స్టేజీ వస్తె అవతలి కిటికీల నుంచి చూసేదాన్ని.

పిల్ల వాళ్లకు ఇల్లు నేను చూడలేకపోయిన. వాళ్లే అల్మాస్‌గూడ దిక్కు, కాలనీ ఇంకా కాని చేన్లల్ల, కరెంటు లేని ఒక రూము చూసుకున్నరు. పోయే రోజు స్కూలుకు పోతుంటె ట్రాలీ మీదికి సామాను ఎక్కిస్తున్నరు. పిల్ల చంకల స్టీలు బిందె పెట్టుకొని నిలబడ్డది. నన్ను చూసి ఉరికొచ్చింది. ఇన్ని రోజుల తర్వాత ఆ పిల్ల తనంత తాను మాట్లాడుడు అదే మొదలు.

"టీచర్, సార్‌కు ఏం పనిష్మెంటిచ్చిన్రు?"

చార్టు చదివి పెరిగిన పిల్ల. ఎర్ర స్కెచ్ పెన్ను లైను నోటికొచ్చిన పిల్ల. నేను ఏదో ఘనకార్యం చెప్పినట్టే చెప్పిన. "ఇల్లు ఖాళీ చేపిచ్చిన్రు బిడ్డా. కాలనీల నుంచి పంపిచ్చిన్రు."

పిల్ల బిందె కింద పెట్టింది. వెనకటి తీరు, లెక్క చేసేటప్పుడు పెట్టే మొఖం పెట్టింది. ట్రాలీ దిక్కు చూసింది, వాళ్ల గోడ మీద అప్పటికే ఓనరు ఏలాడదీసిన కిరాయి అట్ట దిక్కు చూసింది.

"మాకు గూడ గదే ఇచ్చిన్రు గద టీచర్. నేనేం చేసిన?"

నువ్వేం చెయ్యలే బిడ్డా, అని రెండు ముక్కలు అంటె అయిపోతుండె. అవి ఆ పిల్లకు ఎంత అవసరమో నాకిప్పుడు తెలుసు. వాళ్లమ్మ ట్రాలీ మీదికెళ్లి పిలుస్తున్నది, మా వీధోళ్లు గేట్లల్ల నిలబడి చూస్తున్నరు. నేను ఆ బిందె తీసి పిల్ల చేతికిచ్చిన.

"ట్రాలీ కదుల్తున్నది, పోయి ఎక్కు" అన్న.